బైకు మార్పిడి: బండి చేతులు మారినా బాధ్యత మారదు

సంక్షిప్తంగా: బెంగళూరు రైడరు ఒకరు తన బైకును విదేశీ రైడరుకు ఇచ్చి, సెలవుల్లో అతని బైకును అతని దేశంలో నడుపుకోవడాన్ని చట్టం నిషేధించలేదు. బండిని ఓడలోనో విమానంలోనో పంపే ఖర్చు, కస్టమ్స్ హామీ దీనితో తప్పుతాయి. అయితే కాగితాలు యజమాని పేరునే ఉంటాయి కనుక ప్రమాదం జరిగితే జవాబు చెప్పుకోవలసిందీ అతనే. అవతలి దేశంలో బీమా బండికి ముడిపడి ఉందా, నడిపే మనిషికి ముడిపడి ఉందా అన్నదాన్ని బట్టి మార్పిడి కుదిరేదీ లేనిదీ తేలుతుంది. డబ్బు లెక్కలో మొగ్గు బెంగళూరు వైపు, రుతువుల లెక్కలో మొగ్గు దక్షిణార్ధగోళం వైపు ఉంటుంది.

## ఈ ఆలోచన ఎక్కడిది

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారిలో వారాంతపు రైడర్లకు కొదవ లేదు. ఆదివారం తెల్లవారకముందే నంది కొండకు, లేపాక్షికి, ఇంకాస్త ఓపిక ఉంటే గండికోటకు, బెలుం గుహలకు బళ్లు కదులుతాయి. వీరిలో చాలామందికి విదేశీ ప్రయాణం కొత్త కాదు. ఉద్యోగం మీద వెళ్లి వచ్చినవారు ఉన్నారు, అన్నో చెల్లెలో అక్కడే స్థిరపడినవారు ఉన్నారు. ఆల్ప్స్ కనుమల్లోనో న్యూజిలాండ్ తీరంలోనో సొంతంగా బండి నడపాలన్న కోరిక పుట్టినప్పుడు ముందుగా భయపెట్టేది అద్దె. యూరప్‌లో పెద్ద టూరింగ్ బైకుకు రోజుకు సుమారు 100 యూరోలు, సీజనులో అంతకు మించి కూడా అడుగుతారు. అదే సమయంలో సొంత బైకు అపార్టుమెంటు సెల్లారులో కవరు కప్పుకుని ఊరికే పడి ఉంటుంది. ఆ ఊరి రైడరు ఎవరైనా ఇక్కడికి వచ్చి దీన్ని నడుపుకుని, తన బండిని అక్కడ ఇస్తే సరిపోతుంది కదా అన్నది సహజంగా తట్టే ఆలోచనే.

ఇళ్ల విషయంలో ఈ పద్ధతి పాతదే. 1953లో యూరప్ ఉపాధ్యాయులు కొందరు వేసవి సెలవులకు ఒకరి ఇంట్లో మరొకరు ఉండే ఏర్పాటు మొదలుపెట్టారు. తర్వాత అది పెద్ద వ్యవస్థగా ఎదిగింది. ఇల్లు కదలదు, రోడ్డు మీద ఎవరినీ గుద్దదు. బండి విషయం అలా కాదు. ఇంటి మార్పిడి నియమాలను బైకుకు అలాగే వర్తింపజేయబోతే చిక్కులు మొదలయ్యేది ఇక్కడే.

## బండి పంపడం కన్నా మనిషిని పంపడం తేలిక

సొంత బైకునే విదేశానికి తీసుకువెళ్లడానికి ఒక మార్గం ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు కార్నెట్. బండికి ఇచ్చే పాస్‌పోర్టు లాంటి పుస్తకం అది. దాన్ని అడిగే ఏ దేశంలోకి వెళ్లినా ప్రవేశంలో ఒక ముద్ర, నిష్క్రమణలో ఒక ముద్ర పడాలి. బండిని అక్కడే అమ్మేసి సుంకం ఎగ్గొట్టకుండా, కార్నెట్ జారీ చేసే ఆటోమొబైల్ సంఘం యజమాని నుంచి బ్యాంకు హామీ తీసుకుంటుంది. పుస్తకం చెల్లుబాటు ఏడాది. నిష్క్రమణ ముద్ర పడకపోతే ఆ దేశపు కస్టమ్స్ తన సుంకాన్ని ఈ హామీ నుంచే రాబడుతుంది. వీటికి తోడు బండిని చెక్కపెట్టెలో బిగించాలి, పెట్రోలు తోడేయాలి, బ్యాటరీ తీగలు విప్పాలి, విమానంలో పంపితే ప్రమాదకర సరుకు కింద ప్రకటన ఇవ్వాలి. ఆరు నెలలు ఖండాలు దాటి తిరిగేవారికి ఈ శ్రమ గిట్టుబాటు కావచ్చు. రెండు వారాల సెలవుకు మాత్రం దీన్ని తలకెత్తుకోవడం దండగ.

మార్పిడిలో ఈ గొడవంతా ఒక్క దెబ్బతో పోతుంది. కేఏ నంబరు బైకు కర్ణాటకలోనే ఉంటుంది, అవతలి బైకు అక్కడే ఉంటుంది. ఏ బండీ సరిహద్దు దాటదు కాబట్టి కస్టమ్స్ ప్రసక్తే రాదు. దాటేది మనిషి, అతని లైసెన్సు, అతని హెల్మెట్. ఈ సౌకర్యానికి ఒక మూల్యం ఉంది: బండి రిజిస్ట్రేషన్, బీమా, పన్ను అన్నీ సొంత దేశంలో సొంత యజమాని పేరునే నిలిచిపోతాయి. నడిపేవాడు ఒకడు, కాగితాల్లో ఉన్నవాడు మరొకడు. వీరిద్దరి మధ్య దూరం కొన్ని వేల కిలోమీటర్లు.

## భారతదేశంలో యజమాని మెడకు ఏముంటుంది

ముందుగా ఒక భయం తీర్చుకోవచ్చు. మన మోటారు బీమా పాలసీలో డ్రైవరుకు సంబంధించిన నిబంధన విశాలమైనదే. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరైనా యజమాని అనుమతితో బండి నడపవచ్చు, అతను పొరుగింటివాడా పోర్చుగీసువాడా అన్నది పాలసీ అడగదు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి ఇచ్చే రక్షణ, అతిథి నడుపుతున్నప్పుడూ పనిచేస్తుంది. ఇతరుల మరణం, గాయాల విషయంలో ఈ రక్షణకు పరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రం ద్విచక్ర వాహనాల పాలసీలో సాధారణంగా లక్ష రూపాయల హద్దు ఉంటుంది.

మెలిక లైసెన్సు దగ్గర ఉంది. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చిన యజమానికి 2019 సవరణ తర్వాత 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా చిన్న విషయమే. పెద్దది నష్టపరిహారం. నడిపినవాడి లైసెన్సు చెల్లదని తేలితే, ట్రైబ్యునల్ బీమా సంస్థను ముందు బాధితుడికి చెల్లించమని, ఆ మొత్తాన్ని తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని ఆదేశించవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. యజమాని తెలిసి తెలిసి లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చాడని, లేదా తగిన జాగ్రత్త తీసుకోలేదని బీమా సంస్థ నిరూపించాలనీ అదే తీర్పు అంది. యజమానికి ఊరటనిచ్చే మాట అది. దీన్నిబట్టి అతిథి లైసెన్సును, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను కళ్లతో చూసి, తేదీలు సరిచూసి, నకలు దగ్గర పెట్టుకోవడమే రేపు లక్షల రూపాయల వసూలు కేసులో యజమాని చూపగల ఆధారం. అతిథి అప్పటికి తన దేశంలో హాయిగా ఉంటాడు. సమన్లు వచ్చేది బెంగళూరు చిరునామాకే.

రెండో మెలిక అతిథి సొంత గాయాల గురించి. యజమాని తీసుకునే 15 లక్షల రూపాయల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికి మాత్రమే వర్తిస్తుంది, అదీ అతను స్వయంగా నడుపుతున్నప్పుడు. బండి అరువు తీసుకున్నవాడికి అందులో చోటు లేదు. పోనీ థర్డ్ పార్టీగా పరిహారం అడగవచ్చా అంటే అదీ కుదరదు. 2009లో నింగమ్మ కేసులో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అరువు తెచ్చుకున్న మోటారు సైకిల్ నడుపుతూ ఒక వ్యక్తి ప్రమాదంలో చనిపోయాడు. బండి అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడని, కాబట్టి అతను మూడో పక్షం కాలేడని కోర్టు తేల్చింది. జర్మనీ నుంచో బ్రిటన్ నుంచో వచ్చే రైడరుకు ఈ సంగతి ఎవరో చెప్పకపోతే తెలియదు. ఆ దేశాల్లో ఆస్పత్రి ఖర్చుకు వేరే ఏర్పాట్లు ఉంటాయి కనుక ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటాడు. మోటారు సైకిల్ నడపడాన్ని స్పష్టంగా కలుపుకున్న ప్రయాణ బీమా ఒక్కటే అతనికి దిక్కు. చాలా ప్రయాణ బీమాలు ఒక స్థాయికి మించిన ఇంజనును, లేదా ఆ తరగతి లైసెన్సు లేకుండా నడపడాన్ని మినహాయిస్తాయి. చిన్న అక్షరాలు చదివే ఓపిక ఇక్కడ అవసరం.

మూడోది సొంత బండికి జరిగే నష్టం. అతిథి చిక్కమగళూరు మలుపుల్లో పడిపోయాడనుకుందాం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బీమా సంస్థ 50 శాతం తరుగు కోస్తుంది, జీరో డిప్రిసియేషన్ తీసుకుని ఉంటే తప్ప. క్లెయిము చేసిన మరుక్షణం నో క్లెయిమ్ బోనస్ సున్నాకు దిగుతుంది. అయిదేళ్లు క్లెయిము లేకుండా గడిపితే గాని 50 శాతం తగ్గింపు రాదు. అతిథి చేసిన చిన్న పొరపాటుకు యజమాని వచ్చే కొన్నేళ్ల ప్రీమియంలో మూల్యం చెల్లిస్తాడు. బండి దొంగతనానికి గురైతే బీమా సంస్థలు రెండు తాళాలూ అడుగుతాయి. అందులో ఒకటి అతిథి జేబులో విమానం ఎక్కి వెళ్లిపోతే క్లెయిము అక్కడే ఆగుతుంది. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇక్కడ బరువు ఎక్కువగా మోసేది అరువు ఇచ్చినవాడే.

## తెల్ల ప్లేటు, నల్ల ప్లేటు

అద్దెకిచ్చే మోటారు సైకిళ్లకు మన దేశంలో 1997 నుంచి ప్రత్యేక పథకం ఉంది. అటువంటి బళ్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. సొంత వాడకానికి కొన్న తెల్ల ప్లేటు బండిని డబ్బు తీసుకుని ఇస్తే అది పర్మిటు లేని అద్దె అవుతుంది. ప్రైవేటు వాహన పాలసీలో కూడా అద్దెకు లేదా ప్రతిఫలానికి వాడితే రక్షణ వర్తించదన్న షరతు ఉంటుంది. కర్ణాటకలో బైక్ ట్యాక్సీల వివాదం అంతా ఈ గీత చుట్టూనే తిరిగింది. హైకోర్టు ఆదేశం తర్వాత 2025 జూన్ 16 నుంచి అక్కడ ఆ సేవలు ఆగిపోయినప్పుడు, తెల్ల ప్లేటు బండిని ఆదాయానికి వాడటం ఎంత సున్నితమైన విషయమో బెంగళూరు వాసులందరికీ అర్థమైంది.

మార్పిడిలో డబ్బు చేతులు మారదు. స్నేహపూర్వకంగా బండి ఇవ్వడం అద్దె కాదు. అయినా 'నా బండికి బదులుగా నీ బండి' అని కాగితం మీద రాసుకున్నప్పుడు అది ప్రతిఫలమేనని బీమా సంస్థ వాదించడానికి చోటు ఉంటుంది. బళ్ల విలువలో తేడా ఉందని ఒక వైపు వారు పైన కొంత రొక్కం కలిపితే ఆ వాదన మరింత బలపడుతుంది. అందువల్ల తేడాను డబ్బుతో సరిచేయడం కన్నా రోజులతో సరిచేయడం మంచిది. ఇక్కడ ఇరవై రోజులు, అక్కడ పది రోజులు అన్నట్టు. బండి అప్పు మీద కొన్నదైతే ఆర్‌సీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది. ఆ ఒప్పందపు షరతులను కూడా ఒకసారి చూసుకోవలసిందే.

## అవతలి దేశంలో బీమా ఎవరి వెంట నడుస్తుంది

మార్పిడికి ఏ దేశం అనువైనదన్న చర్చ సాధారణంగా రోడ్ల అందంతో మొదలవుతుంది. మొదలవ్వాల్సింది బీమా పద్ధతితో. దేశాలు ఈ విషయంలో తలో దారి పట్టాయి.

న్యూజిలాండ్ అందరికన్నా భిన్నం. అక్కడ ప్రమాదంలో గాయపడినవారికి, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండా, ప్రభుత్వ ప్రమాద పరిహార సంస్థ ఏసీసీ చికిత్స ఖర్చులు భరిస్తుంది. సందర్శకులకు కూడా ఇది వర్తిస్తుంది. వాహన లైసెన్సు రుసుములోనే ఈ సంస్థకు వాటా పోతుంది. ఎదుటివారి కారుకు జరిగే నష్టానికి మాత్రం అక్కడ తప్పనిసరి బీమా లేదు, అది విడిగా చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో గాయాలకు సంబంధించిన తప్పనిసరి బీమా బండి రిజిస్ట్రేషన్‌తో ముడిపడి ఉంటుంది. యజమాని అనుమతితో ఎవరు నడిపినా ఎదుటివారి గాయాలకు అది రక్షణ ఇస్తుంది. ఆస్తి నష్టానికి ఇక్కడా వేరే పాలసీ కావాలి.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో థర్డ్ పార్టీ బీమా బండికే ఉంటుంది. 2021 నాటి ఆదేశం ప్రకారం ఆస్తి నష్టానికి కనీస రక్షణ ఒక్కో ప్రమాదానికి 13 లక్షల యూరోలు. మన లక్ష రూపాయలతో పోలిస్తే ఇది ఎంత పెద్ద గొడుగో చెప్పనక్కర్లేదు. కానీ జర్మనీ వంటి చోట పాలసీ తీసుకునేటప్పుడే బండిని ఎవరెవరు నడుపుతారో ప్రకటించి ఆ మేరకు ప్రీమియం తగ్గించుకుంటారు. ఆ జాబితాలో లేని అతిథి నడిపి ప్రమాదం చేస్తే బాధితుడికి పరిహారం అందుతుంది గాని, తర్వాత బీమా సంస్థ యజమానికి అదనపు ప్రీమియమో జరిమానానో వేస్తుంది. అతిథి వచ్చే ముందు ఒక ఫోను చేసి పేరు చేర్పించుకుంటే తీరిపోయే సమస్య ఇది. చాలామంది ఆ ఫోను చేయరు.

బ్రిటన్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ పాలసీ ప్రధానంగా పేరున్న రైడరుకు చెందుతుంది. పాలసీలో పేరు లేనివాడు నడిపితే అది బీమా లేకుండా నడపడమే. విదేశీ లైసెన్సుతో వచ్చిన, స్థానిక రైడింగ్ చరిత్ర లేని మనిషి పేరును మోటారు సైకిల్ పాలసీలో చేర్పించడం కష్టం, చేర్చినా ప్రీమియం గుండె గుభేలుమనిపిస్తుంది. లండన్‌లో సొంత బావమరిది ఉన్నా సరే, అతని బైకు ఎక్కే ముందు ఈ గండం దాటాలి. అమెరికాలో సాధారణంగా బీమా బండిని అనుసరిస్తుంది, యజమాని అనుమతితో నడిపేవారికీ వర్తిస్తుంది. అయితే రాష్ట్రాన్ని బట్టి, పాలసీని బట్టి మోటారు సైకిళ్లకు మినహాయింపులు ఉంటాయి. డల్లాస్‌లో ఉన్న బంధువు తన కారు ఇచ్చినంత నిశ్చింతగా బైకు ఇవ్వలేకపోవడానికి కారణం అదే. జపాన్‌లో తప్పనిసరి బీమా బండిదే, కానీ అది చూసేది ఎదుటివారి గాయాలను మాత్రమే. అదనంగా తీసుకునే స్వచ్ఛంద పాలసీలు తరచూ కుటుంబ సభ్యులకే పరిమితమై ఉంటాయి.

## లైసెన్సు సంగతి

భారత్ జారీ చేసే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కిందిది. ఏడాది చెల్లుతుంది, ప్రభుత్వ రుసుము 1,000 రూపాయలు, బయలుదేరక ముందే రవాణా కార్యాలయం నుంచి తీసుకోవాలి. 1968 నాటి వియన్నా ఒప్పందం కింద మరో రకం పర్మిట్ ఉంది. జపాన్ మొదటి రకాన్నే గుర్తిస్తుంది కాబట్టి మన పర్మిట్ అక్కడ పనికొస్తుంది. వియత్నాం రెండో రకాన్నే గుర్తిస్తుంది కాబట్టి అక్కడ పనికిరాదు. మన లైసెన్సులో గేరు ఉన్న మోటారు సైకిల్ అంటే 100 సీసీ అయినా 1,000 సీసీ అయినా ఒకే తరగతి. యూరప్‌లో 125 సీసీ వరకు ఒక మెట్టు, 35 కిలోవాట్ల వరకు రెండో మెట్టు, ఆపైన మూడోది. అందుకే ఇక్కడ ఎప్పుడూ 350 సీసీ దాటని రైడరు చట్టప్రకారం అక్కడ 1,250 సీసీ బండి ఎక్కగలడు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన చేయి ఒప్పుకుంటుందని కాదు. అందులోనూ రోడ్డుకు కుడి పక్కన.

## రుతువుల లెక్క

ఇద్దరూ ఒకే సమయంలో బండ్లు మార్చుకోవడం మొదటి పద్ధతి. ఒకరు ఈ ఏడాది, మరొకరు ఇంకో సీజనులో రావడం రెండో పద్ధతి. కాగితం మీద మొదటిది సరళంగా కనిపిస్తుంది. వాతావరణం మాత్రం దాన్ని సాగనివ్వదు.

బెంగళూరు నుంచి దక్షిణాదిని చుట్టిరావడానికి అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి కనుమల్లో వాన ఎడతెరిపి ఇవ్వదు, ఆగుంబె వైపు దారి కనిపించడమే గగనం. యూరప్‌లో సీజను సరిగ్గా దీనికి తలకిందులు. ఇటలీలో 2,757 మీటర్ల ఎత్తున ఉన్న స్టెల్వియో కనుమ మంచు వల్ల శీతాకాలమంతా మూసి ఉండి, మే చివర్లోనో జూన్‌లోనో తెరుచుకుంటుంది. యూరప్ రైడరుకు ఇక్కడికి రావాలనిపించేది డిసెంబరులో, తన దేశం గడ్డకట్టినప్పుడు. అదే వారంలో బెంగళూరు రైడరు అక్కడికి వెళితే బండి గ్యారేజీ దాటి కదలదు.

దక్షిణార్ధగోళంతో ఈ చిక్కు లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలలో వేసవి. అదే వేళ కర్ణాటక, రాయలసీమ రోడ్లు చల్లగా, పొడిగా ఉంటాయి. ఆ మూడు దేశాల్లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. బీమా విషయంలో మొదటి రెండూ అనుకూలమైనవే. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఒకేసారి జరిగే మార్పిడికి, ఏ కోణం నుంచి చూసినా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలే మొదట నిలుస్తాయి. అందరి కళ్లూ ఆల్ప్స్ మీద ఉండటం వల్ల ఈ సంగతి మరుగున పడింది.

విదేశీ రైడర్లలో చాలామందికి భారత్ అంటే లద్దాఖ్. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆ దారులు తెరిచి ఉంటాయి, యూరప్ సెలవులకు కూడా అది కుదురుతుంది. కానీ బెంగళూరు నుంచి లేహ్ 3,000 కిలోమీటర్లకు పైనే. పైగా లద్దాఖ్‌లో బయటి ప్రాంతాల అద్దె బైకులను స్థానిక సంఘాలు అడ్డుకుంటాయి. తెల్ల ప్లేటు బండి మీద ఆర్‌సీలోని పేరుతో ఏ సంబంధమూ లేని విదేశీయుడు కనిపిస్తే అది దొంగచాటు అద్దె బండేనని అనుమానించడం ఖాయం. నేపాల్ దాకా వెళ్లాలనుకుంటే మన పాలసీ భారత భూభాగానికే పరిమితం. అదనపు ప్రీమియంతో నేపాల్, భూటాన్, శ్రీలంక వంటి పొరుగు దేశాలకు పొడిగించుకోవచ్చు గాని ముందే అడగాలి.

## ఎవరికి ఎంత మిగులుతుంది

రెండు వారాల ప్రయాణం తీసుకుందాం. యూరప్‌లో రోజుకు 100 యూరోల చొప్పున అద్దె 1,400 యూరోలు. యూరో 100 రూపాయల దరిదాపుల్లో ఉంటే సుమారు 1.4 లక్షలు. బెంగళూరులో 400 సీసీ తరగతి బైకు రోజుకు 2,000 రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. రెండు వారాలకు 28,000 రూపాయలు. మార్పిడి వల్ల బెంగళూరు రైడరుకు ఆదా అయ్యేదానిలో అయిదో వంతు మాత్రమే అవతలి రైడరుకు ఆదా అవుతుంది. అతని బండి విలువ కూడా సాధారణంగా ఇక్కడి బండికి కొన్ని రెట్లు.

పైగా నల్ల ప్లేటు అద్దె బండిలో అతనికి చట్టపరమైన అనుమానాలు లేవు. ప్రతిఫలం, అద్దె అనే మెలిక లేదు. దారిలో ఆగిపోతే అద్దె సంస్థకు ఫోను చేయవచ్చు. నిక్కచ్చిగా చూస్తే విదేశీ రైడరుకు మార్పిడి కన్నా అద్దె బండే మేలు. అతన్ని మార్పిడి వైపు లాగగలిగేది డబ్బు కాదు. ఉండటానికి ఇల్లు, వేళకు భోజనం, నమ్మకమైన మెకానిక్కు, అనంతపురం, కడప జిల్లాల లోపలి దారులు తెలిసిన మనిషి తోడు, ఇవే. బెంగళూరులోని తెలుగు రైడరు ఇవ్వగలిగినది ఇది, అద్దె దుకాణం ఇవ్వలేనిది కూడా ఇదే. అందువల్ల ఒకేసారి జరిగే మార్పిడి కన్నా విడివిడిగా జరిగేది అసలు ఆకర్షణను నిలుపుకుంటుంది. యజమాని ఊళ్లో ఉంటాడు, బండికి ఏం జరిగినా దగ్గరుండి చూసుకుంటాడు. లోపం ఒక్కటే. మొదట ఇచ్చినవాడు, తన వంతు వచ్చేదాకా అవతలివాడి మాట మీద ఆధారపడాలి.

## బెంగళూరులో తాళం ఇచ్చే ముందు

ఇంట్లో విదేశీ అతిథి బస చేస్తే ఆతిథ్యమిచ్చిన కుటుంబం 24 గంటల్లోగా అతని వివరాలను ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపాలి. ఇది హోటళ్లకే అనుకునేవారు ఎక్కువ. సొంత ఇళ్లకూ వర్తిస్తుంది.

యజమాని డిజిలాకర్‌లోని ఆర్‌సీ అతిథి ఫోనులో ఉండదు, కాబట్టి అసలు కార్డు, బీమా కాగితం, పొల్యూషన్ సర్టిఫికెట్, అనుమతి లేఖ చేతికివ్వాలి. బండి వేరే రాష్ట్రపు నంబరుతో ఉండి, కర్ణాటకలో పన్నెండు నెలలు దాటితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలన్నది చట్టం. ఏపీ, టీఎస్ ప్లేట్లతో ఏళ్ల తరబడి తిరుగుతున్న బళ్లు నగరంలో లెక్కలేనన్ని ఉన్నాయి. యజమాని ఏదో ఒకటి చెప్పి బయటపడతాడేమో గాని, కన్నడం రాని, తెలుగూ రాని అతిథిని అటువంటి బండి మీద పంపడం అన్యాయం.

బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలను అనుమతించడం లేదు, సర్వీసు రోడ్డే దిక్కు. మ్యాపు చూస్తూ వెళ్లే విదేశీయుడికి ఇది తెలియదు. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు. కెమెరాలు పంపే చలానాలన్నీ ఆర్‌సీలో ఉన్న పేరుకే వస్తాయి, కొన్ని అతిథి వెళ్లిపోయిన తర్వాత వారాలకు బయటపడతాయి. డిపాజిట్ ఏదైనా అనుకుంటే తిరిగి ఇచ్చే తేదీని దీన్ని దృష్టిలో పెట్టుకుని రాసుకోవాలి.

ఇక బండి స్థితి. కిలోమీటర్ల రీడింగు, టైర్ల గాడి లోతు, గీతలు, సొట్టలు అన్నీ ఇద్దరి సమక్షంలో ఫొటోలు తీసుకోవడం మామూలే. తగవు వచ్చేది సొట్టల దగ్గర కాదు, అరుగుదల దగ్గర. రెండు వారాల్లో 3,000 కిలోమీటర్లు తిరిగితే చెయిన్, బ్రేకు ప్యాడ్లు, వెనక టైరు కొంత అరుగుతాయి. ఏదీ పూర్తిగా పోదు, కాబట్టి ఎవరూ మార్పించరు. మూడు నెలల తర్వాత ఆ బిల్లు యజమానికి వస్తుంది. కిలోమీటరుకు ఇంత అని ముందే అనుకుంటే అది మళ్లీ అద్దెలా కనిపిస్తుంది. రెండు వైపులా కిలోమీటర్ల హద్దు సమానంగా పెట్టుకోవడం ఈ ఇరకాటానికి ఉన్నంతలో మంచి మార్గం.

## మున్ముందు

ఇళ్ల మార్పిడిలా ఇది లక్షల మంది చేసే పనిగా ఎదగడానికి అడ్డు రోడ్లూ కాదు, నమ్మకమూ కాదు. అడ్డు, ఒకరి బండి బీమా దాన్ని నడిపే అతిథి దాకా పూర్తిగా చేరకపోవడం. అందులో కదలిక మాత్రం కొద్దిగా ఉంది. 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, నడిపిన దూరాన్ని బట్టి, నడిపే తీరును బట్టి ప్రీమియం వసూలు చేసే అదనపు రక్షణలకు, ఒకే వ్యక్తికి చెందిన పలు వాహనాలకు కలిపి ఒకే పాలసీ ఇచ్చే ఏర్పాటుకు అనుమతి ఇచ్చింది. సొంత బండికి జరిగే నష్టం వరకే ఇవి వర్తిస్తాయి. అయినా బీమా బండి నుంచి మనిషి వైపు ఒక అడుగు వేసినట్టే. రెండు వారాలకు ఒక విదేశీ రైడరు పేరు చేర్చి, అతని గాయాలకు కూడా రక్షణ ఇచ్చే స్వల్పకాలిక పాలసీ వస్తే మార్పిడికి ఉన్న చిక్కుల్లో సగం తీరతాయి.

అప్పటిదాకా ఇది ముఖ పరిచయం ఉన్నవారి మధ్యనే సాగే వ్యవహారం. బెంగళూరు తెలుగువారికి ఇక్కడ ఒక సానుకూలత ఉంది: ఆక్లండ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో బైకు ఉన్న మేనమామ కొడుకో, పాత సహోద్యోగో వెతికితే దొరుకుతాడు. అటువంటి మనిషికి పర్మిట్ నకలు పంపమని, బీమా సంస్థకు ఫోను చేయమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. బంధువు కదా అని ఆ రెండు పనులు వదిలేసినవారికీ, అపరిచితుడికి బండి ఇచ్చినవారికీ ట్రైబ్యునల్ ముందు తేడా ఉండదు.